మందు వెయ్యలేదు

నా థీసిస్‌లో నూట పద్నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇదీ: "స్థానిక సహాయకుడి అజాగ్రత్త వల్ల పాడైనందున ఆ రోజు సేకరించిన పది నమూనాలను లెక్కలోకి తీసుకోలేదు." ఆ పుస్తకం ఇప్పటికీ మా కాలేజీ లైబ్రరీలో కింది అరలో ఉంది. దాన్ని ఎవరూ తీయరు. తీసినా నూట పద్నాలుగో పేజీ దాకా రారు. అయినా ఆ వాక్యం అబద్ధం. రాసింది నేను. ఆ స్థానిక సహాయకుడు అజాగ్రత్త మనిషి కాదు. నాకు తెలిసిన వాళ్లలో అంత జాగ్రత్త గల మనిషి ఇంకొకరు లేరు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గుణదలలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. కొల్లేటి అడుగున ఉన్న బురదలోంచి వచ్చే మీథేన్ మీద పరిశోధన చేస్తున్నాను. ఏ పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే బురద బుడగలు పడుతున్నానని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్లు. నిజానికి పని అదే.

గాలి తగలని బురదలో కంటికి కనపడని జీవులు ఉంటాయి. కుళ్లిన నాచునీ, ఆకునీ, చేపల మేతనీ తిని మీథేన్ వదులుతాయి. ఆ వాయువులో కార్బన్ ఉంటుంది. కార్బన్‌లో తేలికది ఒకటి, దానికంటే రవ్వంత బరువైనది ఒకటి. బురదలోని జీవులకి తేలికదంటే ఇష్టం, బరువైనదాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఎంత వదిలేశాయన్నది అవి ఏం తిన్నాయి, ఏ దారిలో మీథేన్ తయారుచేశాయి అన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సీసాలోని వాయువులో తేలికదెంత, బరువైనదెంత అని కొలిస్తే ఆ బురద కథ తెలుస్తుంది. ఒక రకంగా అది బురద చేవ్రాలు.

కానీ దీనికి ఒక షరతుంది. బురదని సీసాలో నింపగానే అందులోని జీవుల్ని చంపెయ్యాలి. చంపకపోతే సీసాలో కూడా అవి బతుకుతూనే ఉంటాయి. వాటి పక్కనే మీథేన్‌ని తినే వేరే జీవులు కొన్ని ఉంటాయి. సీసా మెడలో కొంచెం గాలి మిగిలినా చాలు, అవి లేచి తినడం మొదలుపెడతాయి. వాటికీ తేలికదే ఇష్టం. అవి తినగా మిగిలేది బరువైనది. అప్పుడు ఆ చేవ్రాలు కొల్లేటిది కాదు, సీసాది. అందుకే ప్రతి సీసాలో పాదరసం ఉప్పు కలిపిన నీళ్లు నాలుగు చుక్కలు వేసి, రబ్బరు బిరడా నొక్కి, పైన రేకు మూత బిగించాలి. సీసాలు వన్ టౌన్‌లో మందుల హోల్‌సేల్ కొట్టులో కొన్న ఇంజెక్షన్ సీసాలే.

ఆ పాదరసం నీళ్లకి మేము పెట్టుకున్న పేరు మందు.

మేము అంటే నేనూ, దోనె నడిపే ఆయనా. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. నలభై దాటిన మనిషి. తాటిదోనెలో నిలబడి గెడ వేస్తుంటే దోనె అసలు కదిలినట్టే ఉండేది కాదు, చుట్టూ ఉన్న గుర్రపుడెక్కే వెనక్కి జరుగుతున్నట్టు ఉండేది. మొదటిరోజు ఆ సీసాలో ఏముందని అడిగాడు. బురదలో పురుగుల్ని చంపే మందు అన్నాను.

"మరి తాగితే?"

"మనమూ పోతాం బాబాయ్."

"అయితే మా ఊరి మందు లాంటిదే" అని నవ్వాడు.

అది రాష్ట్రంలో మద్యం నిషేధం ఉన్న కాలం. నిషేధం రాకముందే ఆ ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు ఎత్తేయించారు. ముందు నిలబడ్డవాళ్లలో ఆయన భార్య ఒకరు. అంతకుముందు ఆయనా బాగా తాగినవాడే. ఆయనే చెప్పాడు, దాచుకోలేదు. ఆమె మాట మీద కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లి, మెట్టు మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేశాడు. ఊరికి ఒక కట్టుబాటు కూడా ఉండేది. ఎవరైనా తాగినట్టు తేలితే సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏడాది పాటు ఊరి చెరువులో పట్టుబడికి దిగకూడదు.

బుడగలు ఎక్కడ ఎక్కువ వస్తాయో ఆయనకి తెలిసినట్టు మా రీసెర్చ్ గైడుకి కూడా తెలియదు. గెడ అడుగుకి ఆనించి, పైకి తీసి, కొస వాసన చూసి చెప్పేవాడు. "ఇది కిక్కిస గడ్డి కుళ్లిన బురద బాబూ. అదుగో, ఆ గట్టు పక్కది చెరువుల మేత పడ్డ బురద. రెండూ ఒకటి కాదు." ఏడాది తర్వాత ఉత్తరాదిన ఉన్న ప్రయోగశాల నుంచి అంకెలు వచ్చాయి. రెండూ ఒకటి కాదు. నా థీసిస్‌లో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అది అదే. దాన్ని ఆయన గెడ వాసనతో చెప్పాడు, నేను రెండొందల పేజీల్లో చెప్పాను.

మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. నేను బురద సీసాలో నింపగానే ఆయన "మందు?" అనేవాడు. నేను నాలుగు చుక్కలు వేసి "వేశా" అనేవాణ్ణి. అప్పుడుగానీ బిరడా నా చేతికి ఇచ్చేవాడు కాదు. ఒక్కో రోజు పది సీసాలు, పదిసార్లు ఆ మాట.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. దోనె ఊగుతోంది. మందు సీసా మూత తీస్తే విషం చేతి మీద ఒలుకుతుందని భయం వేసింది. మొదటి సీసా నింపాను.

"మందు?"

"ఒడ్డుకెళ్లాక అన్నిటికీ ఒకేసారి వేస్తాలే బాబాయ్. బిరడా ఇటివ్వు."

ఆయన బిరడా వెంటనే ఇవ్వలేదు. "మరి రోజూ వెంటనే వెయ్యాలంటావు గదా?"

"ఒక గంటకి ఏం కాదులే."

ఇచ్చాడు. పది సీసాలూ అలాగే నిండాయి. ఒడ్డుకి చేరేసరికి ఆయన భార్య కొరమీను పులుసు వండి ఉంచింది. ఆ ఇంట్లో నేను తినడం అదే మొదటిసారి. ఆమె వద్దన్నకొద్దీ వడ్డించింది. "బురద తవ్వే బాబుకి బలం కావద్దూ" అంది. తిని, అరుగు మీద కాసేపు వాలాను. లేచేసరికి బస్సు వేళయింది. సీసాలున్న థర్మకోల్ పెట్టె గోడ పక్కన ఎండలో ఉంది. దాన్ని ఎత్తుకుని పరుగెత్తాను. ఆయన వెనకనుంచి ఏదో కేకేశాడు. బస్సు చప్పుడులో వినపడలేదు. వెళ్లిరా అంటున్నాడనుకుని చెయ్యి ఊపాను. ఏమన్నాడో ఇప్పుడు ఊహించగలను.

విజయవాడలో పెట్టె ల్యాబులో అప్పజెప్పాను. రిజిస్టరులో "మందు వేసినది" అన్న గడి ఉండేది. అలవాటు కొద్దీ పది టిక్కులు పెట్టి సంతకం చేశాను. గదికి వచ్చి సంచీ దులిపితే మందు సీసా బయటపడింది. నిండుగా ఉంది.

ఇంకా పొద్దు ఉంది. తిరిగి ల్యాబుకి వెళ్లొచ్చు. గైడు ఇల్లు నడిచి వెళ్లేంత దూరంలోనే. వెళ్లి, మర్చిపోయానండీ, రిజిస్టరులో తప్పు టిక్కులు పెట్టానండీ అని చెప్తే సరిపోయేది. ఆయన తిడతాడని భయపడ్డాను. మంచం మీద కూర్చుని చాలాసేపు ఆ సీసా వైపే చూశాను. తర్వాత లేచి, పది సీసాలకి ఎంత పడుతుందో అంత మందు కాలువలోకి ఒంపేశాను. మట్టం సరిపోయింది.

ఇంతవరకూ జరిగింది మతిమరుపు, పిరికితనం. ఇంతకంటే చెడ్డది తర్వాత చేశాను.

కొన్ని నెలలకి అంకెలు వచ్చాయి. అన్ని రోజులవీ ఒక వరసలో ఉన్నాయి. ఆ రోజు పదీ మాత్రం మరీ బరువుగా ఉన్నాయి. గైడు కాగితం పట్టుకుని ల్యాబులోకి వచ్చాడు. అక్కడ ఇద్దరు తోటి స్కాలర్లు, టీ తెచ్చిన మా జీపు డ్రైవరూ ఉన్నారు.

"ఏమయ్యా, ఆ రోజు మందు పడిందా లేదా?"

నేను గుక్కెడు టీ మింగి అన్నాను: "పడింది సార్. కాకపోతే సీసాల్లోకన్నా దోనె నడిపే ఆయన గొంతులో ఎక్కువ పడింది."

ముందుగా అనుకుని అన్న మాట కాదు. మందు అన్న పదం వినగానే అదే నోట్లోంచి దొర్లింది. అందరూ నవ్వారు. ఎప్పుడూ నవ్వని గైడు కూడా నవ్వాడు.

"నిషేధంలో కూడానా! ఎక్కడ దొరికిందయ్యా వాడికి?" అన్నాడు. నవ్వు ఆగాక తనే అన్నాడు: "అయితే బిరడాలు సరిగ్గా నొక్కి ఉండడు. గాలి దూరి ఉంటుంది."

అప్పుడు కాదని చెప్పొచ్చు. జోకేశానండీ అనొచ్చు. "అయ్యుండొచ్చు సార్" అన్నాను.

"వచ్చేసారి తాగని వాణ్ణి చూసుకో."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ మాట ల్యాబు గోడలు దాటి ఎక్కడికీ పోదనుకున్నాను. తర్వాతి ప్రయాణానికి గైడు జీపు ఇచ్చాడు. డ్రైవరు మంచివాడు, చెప్పిన పని మర్చిపోయేవాడు కాదు. రేవు దగ్గర జీపు ఆపి, నేను దిగేలోపే, టీ బడ్డీ ముందున్న వాళ్లని గట్టిగా అడిగాడు.

"ఏవండీ, దోనెకి తాగని మనిషి ఎవరన్నా ఉన్నారా? పోయినసారి ఆయన తాగొచ్చి సీసాలన్నీ పాడుచేశాడంట. మా సారుగారు మరీమరీ చెప్పారు."

బాబాయ్ అప్పటికే దోనె దగ్గర గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొంచెం అవతల వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లలో ఆయన భార్య ఉంది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మాత్రం నా వైపు చూశాడు. కోపంగా కాదు. బిరడా చేతిలో పెట్టుకుని "మందు?" అని అడిగినప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

"బాబూ, ఆ రోజు మందెయ్యలేదు గదా" అన్నాడు.

మన భాషలో "వెయ్యలేదు" అన్న మాటకి మనిషి గుర్తు ఉండదు. నేను వెయ్యలేదు, నువ్వు వెయ్యలేదు, అతను వెయ్యలేదు, అందరికీ అదొక్కటే. ఆయన నన్ను అంటున్నాడు. నువ్వు ఆ రోజు సీసాల్లో మందు వెయ్యలేదు గదా, వీళ్లకి చెప్పు అంటున్నాడు. అది అక్కడ నాకొక్కడికే అర్థమైంది. మిగతా అందరికీ తాగినవాడు తాగలేదని చెప్పుకోవడంలా వినపడింది.

"ఏసినోడు ఏశానంటాడా ఏంటి!" అని బడ్డీ దగ్గర ఎవరో అన్నారు. నవ్వులు.

ఆయన భార్య వల కింద పడేసి లేచింది. "పెద్దింట్లమ్మ మెట్టు మీద ఒట్టేసి వచ్చావు" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను వంగి, అప్పటికే బిగించి ఉన్న థర్మకోల్ పెట్టె తాడు విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. ఆ ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. తల ఎత్తేసరికి ఆయన గెడని దోనెలో పడుకోబెట్టి వెళ్లిపోతున్నాడు. చప్పుడు కాకుండా, పడుకున్న మనిషి పక్కన పెట్టినట్టు పెట్టాడు.

ఆ రోజు వేరే దోనెలో వెళ్లాను. నడిపిన అతనికి బుడగలెక్కడ వస్తాయో తెలియదు. నేనే వెతుక్కున్నాను.

తర్వాత సంగతులు డ్రైవరు ద్వారా ముక్కలు ముక్కలుగా తెలిశాయి. ఆయన్ని సంఘం ముందు నిలబెట్టారు. తప్పు ఒప్పుకుంటే ఏడాదితో పోయేది. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోనంతకాలం చెరువులో దిగడానికి లేదు. నిషేధం ఎత్తేశాక కూడా ఆ ఊరు తన కట్టుబాటు ఎత్తేయలేదు. ఆయన పట్టూ వదల్లేదు. కైకలూరు వైపు చేపల ప్యాకింగులో ఐసు కొట్టే పనికి కుదిరాడని విన్నాను. ప్రతిసారీ, ఈసారి వెళ్లినప్పుడు చెప్పాలి అనుకునేవాణ్ణి. థీసిస్ అయిపోయింది. అటు వెళ్లాల్సిన పనీ అయిపోయింది. విజయవాడలోనే లెక్చరర్‌గా చేరాను.

పదేళ్లు దాటాయి. మధ్యలో ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెంచేసింది. ఎవరూ దిగడానికి లేని రోజులు వచ్చాయి. ఆ వార్త పేపర్లో చూసినప్పుడు, ఇక ఆయన కట్టుబాటుకి అర్థం లేదుగదా అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నన్ను కదిలించింది అది కాదు. నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ఒకరోజు పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"సార్, నిన్నటి సీసాల్లో మందు వెయ్యడం మర్చిపోయానండీ."

"పర్లేదమ్మా" అన్నాను. "మళ్లీ తెచ్చుకో."

ఆమె వెళ్లిపోయింది. అంతేనా? ఇంతేనా పట్టేది? ఒక మాట, దానికి జవాబుగా ఇంకో మాట.

ఆ ఆదివారమే వెళ్లాను. రేవులో నీళ్లు బాగా వెనక్కి జరిగాయి. ఇల్లు అక్కడే ఉంది. ఆమె అరుగు మీద కూర్చుని చేపలు ఎండబెట్టే చాప అల్లుతోంది. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "బురద బాబువి గదూ" అంది. బాబాయ్ ఏడని అడిగాను. పోయి మూడేళ్లయిందని చెప్పింది.

అప్పుడే లేచి వచ్చేయాల్సిందా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వచ్చేయలేదు. అరుగు కింద కూర్చుని మొత్తం చెప్పాను. గాలి, బిరడా, ఆమె పెట్టిన పులుసు, కాలువలో ఒంపిన మందు, ల్యాబులో వేసిన జోకు, పెట్టె తాడు. ఆమె అల్లడం ఆపలేదు. తాడు గురించి చెప్తున్నప్పుడు ఆపింది.

"నాకు చెప్పాడు" అంది. "ఆ రోజే ఇంటికొచ్చి చెప్పాడు. ఆ మందు కాదే, సీసాల్లో వేసే మందు, బాబు వెయ్యలేదు, అది చెప్పమన్నాను అన్నాడు. మాటలు మార్చకు అన్నాను. చదువుకున్న బాబు మన గురించి అబద్ధం ఎందుకు చెప్తాడు అన్నాను. సంఘం ముందు నిలబెట్టింది ఎవరనుకున్నావు? నేనే."

ఆమె చాప మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"పోయే ముందు కూడా అడిగాను. ఇప్పుడన్నా నిజం చెప్పయ్యా, అమ్మవారి ఒట్టు తప్పిన పాపం మనింట్లో ఉంచి పోకు అన్నాను. మందెయ్యలేదే అన్నాడు. మొహం తిప్పుకున్నాను బాబూ. మళ్లీ ఇటు తిప్పేలోపు..."

చాప అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కన్నీళ్లు రాలేదు. నేను పిన్నిగారూ అని పిలవబోయాను. ఆ పిలుపుకి నాకు హక్కు లేదనిపించింది.

"ఈ మాట నాకెందుకు చెప్పావు?" అంది చివరికి. "ఇన్నాళ్లూ అబద్ధాలకోరు మొగుడితో కాపురం చేశాననుకున్నాను. అది నయంగా ఉండేది." చాప పక్కన పెట్టి లేచింది. "లే. ఆయన పరువు ఎక్కడ పోయిందో అక్కడికి రా. అక్కడ చెప్పు."

టీ బడ్డీ ఉన్నచోట ఇప్పుడు సిమెంటు బల్ల ఉంది. నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఒక్క ముసలాయనకే బాబాయ్ బాగా గుర్తు. ఆమె నన్ను వాళ్ల ముందు నిలబెట్టి పక్కకి తప్పుకుంది. నేను విజయవాడ నుంచి బస్సులో మనసులో పదిసార్లు అనుకుంటూ వచ్చిన వాక్యం అన్నాను. ఈసారి ఎవరన్నది స్పష్టంగా ఉండాలని "నేను" అన్న మాట ఒత్తి పలికాను.

"ఆ రోజు మందు నేను వెయ్యలేదు."

ముసలాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "తాగలేదని చెప్పుకోడానికి ఇన్నేళ్లకి వచ్చావా బాబూ? నిన్నెవరన్నారు?"

మిగతావాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

అప్పుడు మొదట్నుంచి చెప్పాను. బురదలో ఏముంటుందో, బుడగలో ఏముంటుందో, తేలికదేదో బరువైనదేదో, సీసాలో ఆ నాలుగు చుక్కలూ ఎందుకు వెయ్యాలో, వెయ్యకపోతే ఏమవుతుందో. పాఠం చెప్పినట్టు చెప్పాను, నాకు చేతనైంది అదొక్కటే. మధ్యలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ముసలాయన చివరిదాకా విన్నాడు. విన్నాక, "అయితే వాడు ఏసుకోలేదన్నమాట" అన్నాడు, నీళ్లలోకి చూస్తూ.

"వేసుకోలేదు" అన్నాను.

ఆమె ముసలాయన వైపు తిరిగి "విన్నావుగా" అంది. నా వైపు చూడలేదు. ఇంటి వైపు నడిచింది. నేను వెనక వెళ్లలేదు.

మర్నాడు కాలేజీ లైబ్రరీలో నా థీసిస్ తీసి, నూట పద్నాలుగో పేజీలో ఆ వాక్యం కింద పెన్నుతో రాశాను: పొరపాటు నాది, సహాయకుడిది కాదు. తేదీ వేసి సంతకం చేశాను. పుస్తకాల మీద రాయకూడదని లైబ్రేరియన్ మందలించాడు. బాబాయ్ పేరు రాద్దామనుకున్నాను. అప్పుడు తెలిసింది, నాకు ఆయన పేరు తెలియదని. రెండేళ్లు బాబాయ్ అన్నాను, ఒక్కసారి కూడా అడగలేదు.